అనుబంధం – 1

జూలై 9, ఉదయం 6.40. పిట్ట కొమ్మ మీద నాలుగు క్షణాలు నిలిచింది. లెన్సు దగ్గరి నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరికి గర్రుమంటూ రెండుసార్లు తిరిగింది. అది ఆగేసరికి పిట్ట లేదు. ఖాళీ కొమ్మ చక్కగా వచ్చింది. తొలగించడమైనది.

జూలై 11, 6.55. పిట్టకు ముందున్న ఆకు మీద ఫోకస్. ఆకు ఈనెలు లెక్కపెట్టవచ్చు. తొలగించడమైనది.

జూలై 12, 7.05. పచ్చ చుక్క వెలిగింది. పిట్ట మసక. వెనుకనున్న గళ్ళ చీర స్పష్టం. తొలగించడమైనది.

జూలై 15, 6.50. పై విధంగానే.

జూలై 16. వెనుకనున్న వ్యక్తిని లోపలికి వెళ్ళవలసిందిగా కోరడమైనది. పిట్ట రాలేదు.

జూలై 17. పిట్ట రాలేదు.

జూలై 18, 6.45. సదరు వ్యక్తి తిరిగి వచ్చారు. పిట్ట వచ్చింది. పచ్చ చుక్క వెలిగింది. గళ్ళ చీర స్పష్టం. తొలగించడమైనది.

ఆగస్టు 2, 7.10. పిట్ట పూర్తిగా మసక. వెనుకనున్న వ్యక్తి వెంట్రుకలతో సహా స్పష్టం. ఫిర్యాదుకు సాక్ష్యంగా భద్రపరచడమైనది. అనుబంధం – 1.

పై నమోదులు నా రిజిస్టరు నుంచి ఎత్తి రాసినవి. మొత్తం ఇరవైమూడు ఉన్నాయి. చదివేవారి ఓపికను దృష్టిలో ఉంచుకొని ఎనిమిదింటితో సరిపెట్టాను. నాకు జరిగిన అన్యాయాల జాబితాగానే దీన్ని మొదలుపెట్టాను, అందులో దాపరికం లేదు. కెమెరా తయారుచేసినవారు ఒక మాట ఇచ్చారు, ఆ మాట నిలుపుకోలేదు; మాట తప్పిన ప్రతిసారీ తేదీ, వేళ వేసి రాసుకున్నాను. పోయిన సోమవారం సర్వీసు కేంద్రం నుంచి పార్సిలు వచ్చేవరకు ఈ జాబితాలో పొరపాటు ఉందని నాకు తోచలేదు. తేదీలు ఇప్పటికీ సరైనవే. వెనుకనున్న వ్యక్తి అని నేను రాసింది మా అక్కయ్యను. ఆమె సెప్టెంబరులో పోయింది. ఆమె ఫోటో అనదగినది ఈ ఇంట్లో ఒక్కటీ లేదు.

నేను కాజీపేటలో రైల్వే సిగ్నల్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. మా శాఖలో పాడవడం రెండు రకాలు. తీగ తెగినా, కరెంటు పోయినా సిగ్నల్ తనంతట తాను ఎర్రకు పడిపోతుంది. బండ్లు ఆగుతాయి, ప్రయాణికులు తిట్టుకుంటారు, ఎవరూ చావరు. దాన్ని రైట్ సైడ్ ఫెయిల్యూర్ అంటాం. ఎర్ర ఉండవలసిన చోట పచ్చ వెలిగితే అది రాంగ్ సైడ్. దానికి విచారణ ఉంటుంది, సంజాయిషీ ఉంటుంది, కొన్నిసార్లు శవపంచనామా కూడా ఉంటుంది. నా సర్వీసులో నా పరిధిలో అటువంటిది ఒక్కటీ నమోదు కాలేదు. అందుకే, కెమెరాలోకి కన్నుపెట్టి చూస్తుంటే, పిట్ట మసకగా ఉండగానే అంచున ఆ పచ్చ చుక్క నిశ్చింతగా వెలగడాన్ని నేను సహించలేకపోయాను. ఫోటో రాకపోవడం వేరు. వచ్చిందని చెప్పి రాకపోవడం వేరు. పదవీ విరమణ తరువాత కాలక్షేపానికని కొన్న వస్తువు నాతో అబద్ధమాడుతోందన్న కోపంతోనే కొత్త రిజిస్టరు తెరిచి, పాత ఉద్యోగపు గళ్ళే గీశాను: తేదీ, వేళ, పాడైన తీరు, కారణం, తీసుకున్న చర్య, రిమార్కులు. ఫోటో చెడితే నమోదు చేయడం, చెడిన ఫోటోను తొలగించడం. చెడిపోయిన సామాను నిలవ ఉంచకూడదన్నది కూడా మా శాఖ నియమమే.

అక్కయ్యను కాశిబుగ్గలో నేతపని చేసే ఇంటికి ఇచ్చారు. బావ గుంట మగ్గం మీద గళ్ళ చీరలు నేసేవారు. ఆమె పక్కన కూర్చొని రాట్నం మీద కండెలు చుట్టేది. బావ పోయాక మగ్గం విప్పేశారు. అప్పటికి నేనూ ఒంటరినే కాబట్టి రమ్మన్నాను. ఒక ఇనుప పెట్టె, తొమ్మిది గళ్ళ చీరలు, మగ్గం మీద చివరగా మిగిలిన పోగుల మూట పట్టుకొని ఆటోలో దిగింది. తొమ్మిదీ బావ నేసినవే: ఎరుపు, తెలుపు, నలుపు గళ్ళు, దూరం నుంచి కూడా ఒకటీ రెండూ అని లెక్కపెట్టగలిగేటంత గట్టి రంగులు. వేరే చీర కట్టగా నేను చూడలేదు. వచ్చిన మొదటి రోజే వంటింట్లోకి వెళ్ళి నా సర్దుబాటంతా ఒకసారి పరికించి, "ఉప్పు డబ్బ పొయ్యికి గింత దూరం పెడ్తర్రా ఎవలన్న? ఉప్పు గావాల్నంటే బండెక్కి నెక్కొండ దాక పోవాల్నా?" అన్నది. ఆ డబ్బాను ఆమె మార్చిన చోటు నుంచి నేను ఇంతవరకు కదపలేదు. ఫోటో మాత్రం దిగేది కాదు. దిగితే ఆయుష్షు తరుగుతుందని ఆమె నమ్మకం. అది మూఢనమ్మకమని నేను వివరించబోతే ఆమె దగ్గర రుజువు సిద్ధంగా ఉండేది. "మీ బావ సొసైటీ మీటింగుల దిగిండు. ఏడాది తిరిగిందా?" బావ ఆ సంవత్సరమే పోయిన మాట నిజం. ఆ ఫోటోయే మా ముందుగదిలో గోడకు ఉంది.

వానలు పడగానే పెరట్లో, తనంత తానే మొలిచి నా భుజమెత్తు ఎదిగిన బాదం మొక్క మీదికి ఒక కుట్టుపిట్ట వచ్చింది. బొటనవేలికంటే కొంచెం పెద్దది. తోక నిక్కబొడుచుకొని, ఒంటికి మించిన గొంతుతో పొద్దున్నే మొదలుపెట్టేది. గూడ్సు బండి పోతున్నా దాని కేక వినబడేది. అక్కయ్య నీళ్ళ పంపు దగ్గర ముక్కాలి పీట వేసుకొని కూర్చొని, మూటలోంచి పోగులు తీసి దండెం మీద వేలాడేసేది. పిట్ట వచ్చి ఒక్కొక్కటే లాక్కుపోయి, రెండు బాదం ఆకుల అంచులు దగ్గరికి లాగి, ముక్కుతో బెజ్జాలు పొడిచి కుట్టుకునేది. "మన కులపోడే రా తమ్మీ. సూడు, పని ఎట్ల జేస్తాండో," అనేది అక్కయ్య. అక్కడే మా ఇద్దరికీ వాదన మొదలైంది. పోగు బెజ్జంలోంచి జారిపోకుండా పిట్ట చివర ముడి వేస్తుందని ఆమె, వేయదని నేను.

"ముడి ఎయ్యకుంటే పోగు జారదా? నలబై ఏండ్లు పోగులు పట్టిన, నాకు చెప్తానవా?"

"పిట్టకు చేతులు లేవక్కా. ముడి ఎట్లా వేస్తుంది?"

"నీకు చేతులున్నయి గదా. ముందుగాల నీ లుంగి ముడి జర సక్కగ ఏస్కో."

ఆమెకు శుక్లాలు ముదిరి దగ్గరి చూపు తగ్గింది. గూటి దగ్గరికి పోతే పిట్ట బెదిరి వదిలేస్తుందని నన్నూ పోనిచ్చేది కాదు. పిట్ట కుట్టు వేస్తుండగా ఒక్కటంటే ఒక్క స్పష్టమైన ఫోటో తీసి, టీవీకి తగిలించి పెద్దగా చూపిస్తే వాదన తేలిపోతుందని నేను ప్రకటించాను. నాకు వాదన తేలడం ముఖ్యం. ఆమెకు ఆ కుట్టు చూడడం ముఖ్యం. నేను వంటింటి గడపలో స్టాండు వేసుకున్నాను. మధ్యలో బాదం మొక్క, దాని వెనుక పంపు, పంపు దగ్గర అక్కయ్య. ఆ తరువాత జరిగినది పైన రాశాను.

పైన ఎత్తి రాయని జూలై మొదటి వారంలో తప్పు నాదేనని తేలింది; అది కూడా నమోదు చేశాను. లెన్సు పక్కన చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని దూరానికి పెడితే లెన్సు పది మీటర్ల అవతలి వస్తువులనే పట్టించుకుంటుంది, దగ్గర ఏనుగు నిలబడ్డా దానికి అక్కర్లేదు. నా పిట్ట ఆరు మీటర్లలో ఉంది. హనుమకొండలో కెమెరా దుకాణందారు ఆ మీట మార్చి, ఇక ఇబ్బంది ఉండదన్నాడు. ఇబ్బంది ఉన్నది. మూడుసార్లు పోయాక అతను నా రిజిస్టరు ఓపికగా చదివి, కౌంటరు మీద కాగితం పెట్టి ఒక చదరం గీశాడు, అందులో చిన్న చుక్క పెట్టాడు.

"పెద్దసార్, ఇది మీ ఫోకస్ గడి. గీ చుక్క మీ పిట్ట. గడిల పిట్టది పావలా, ఎనకున్నది ముప్పావలా. కెమెరాకు పిట్టేందో, అమ్మేందో ఎర్క లేదు సార్. దానికి గీతలు గావాలె. నలుపు తెలుపు ఏడ గట్టిగుంటే ఆడ పట్కుంటది. పిట్టేమో ఆకు రంగుల కలిసిపోయె, అమ్మేమో గళ్ళ చీర. ఎవల్ని పట్కుంటది మరి?"

"అయితే ఆ పచ్చ చుక్క ఎందుకు వెలగాలి?"

"దొరికిందని, సార్."

"ఏది దొరికిందని?"

"అది చెప్పదు సార్. దొరికిందని చెప్తది, గంతే. ఇగ ఫికర్ ఎందుకు, అమ్మను జర సాదా చీర కట్టుకోమనుండ్రి."

ఆ సాయంత్రమే అన్నాను. అక్కయ్య కూరగాయలు తరుగుతోంది, తలెత్తలేదు.

"సాదా చీరనా? ఎవలు సచ్చిర్రని?"

"కెమెరాకు గళ్ళు అడ్డం వస్తున్నాయక్కా. పిట్టను వదిలేసి నీ చీరను పట్టుకుంటోంది."

"అంటే గా కెమెరాకు మీ బావ నేత నచ్చింది. నచ్చంది నీకే."

అలా అయితే రెండు రోజులు లోపల కూర్చోమని కోరాను. కోరాను అని రిజిస్టరులో ఉంది. గొంతు పెంచానని లేదు. ఆమె పీట తీసుకొని లోపలికి వెళ్ళింది. పెరడు ఖాళీ అయింది, దండెం మీద పోగులు అట్లాగే వేలాడాయి, పిట్ట రాలేదు. మరునాడూ రాలేదు. మూడో రోజు నేను పిలవకముందే పీటతో సహా వచ్చి పంపు దగ్గర వేసుకొని, "పిట్ట నీ మొకం సూసి వస్తదనుకున్నవా?" అని కూర్చుంది. అదే గళ్ళ చీర. కాసేపటికి పిట్ట వచ్చింది. పచ్చ చుక్క వెలిగింది. చీర వచ్చింది. తొలగించాను. ఇది ఆగస్టు దాకా సాగింది. చీర స్పష్టంగా వచ్చిన నమోదులు మొత్తం పన్నెండు. వాటిలో పదకొండు తొలగించాను.

పన్నెండోదాన్ని ఫిర్యాదుకు జతచేశాను. ఫిర్యాదు నాలుగు పేజీలు. దుకాణందారు ద్వారా హైదరాబాదులోని సర్వీసు కేంద్రానికి కెమెరా, లెన్సు, ఆ ఒక్క ఫోటో ఉన్న మెమరీ కార్డు అన్నీ పంపాను. పంపేముందు అక్కయ్యకు మొత్తం చదివి వినిపించాను. ఇంట్లో వేరే శ్రోత లేరు. "ఇందుతో జతపరచిన అనుబంధం ఒకటి" అన్న చోట ఆపింది.

"అనుబంధమా? ఎవలతోని రా? పిట్టతోనా, కెమెరాతోనా?"

కాగితానికి జతచేసే కాగితాన్ని అట్లా అంటారని చెప్పాను. సీరియస్‌గానే చెప్పాను.

"మరి ఎనకున్న వ్యక్తి ఎవలు?"

"నువ్వే."

"నాకు పేరు లేదా?"

"ఫిర్యాదులో పేర్లు రాయరక్కా."

"పిట్టకు రాసినవా?"

"కుట్టుపిట్ట అని రాశాను. అది అవసరం."

"మంచిది తీ. దానికన్న ఉన్నది," అని లేచి పోయి అన్నం వార్చుకుంది.

కెమెరా పోయిన తరువాత వారానికోసారి దుకాణానికి ఫోను చేశాను. బాగుచేయడానికి ఎంతవుతుందో అంచనా పంపుతామన్నారు. అంచనా వద్దు, లోపం ఏమిటో కాగితం మీద రాసి పంపమన్నాను. అందుకే ఆలస్యమైంది. సెప్టెంబరులో ఒక ఉదయం అక్కయ్య పంపు దగ్గర నుంచి "తమ్మీ, జర మంచినీళ్ళు" అన్నది. పేపరు మడిచిపెట్టి గ్లాసుతో వెళ్ళాను. పీట మీద నుంచి ఒరిగి ఉంది. దవాఖానలో చూసి ఏమీ మిగల్లేదన్నారు. వేళ 8.20. రాసుకున్నాను. పెద్దకర్మకు ఫోటో కావాలన్నారు. ఆధార్ కార్డు ఫోటోనే దుకాణందారు పెద్దది చేసి పటం కట్టించి ఇచ్చాడు. ఆ కార్డులో ఎవరూ తమలా ఉండరు. అక్కయ్య ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టుంటుంది. కర్మ అయిన సాయంత్రం దాన్ని దించి బీరువాలో పెట్టాను. బావ ఫోటో పక్కన కొట్టిన మేకు అట్లాగే ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఈ విషయం కూడా రాస్తున్నాను. కారణం గడిలో ఏం రాయాలో తెలియలేదు.

అక్టోబరులో బాదం ఆకులు ఎండి గూడు రాలింది. పిల్లలు ఎగిరిపోయి చాలా రోజులైనట్టుంది. భూతద్దం పెట్టి చూశాను. ముడి లేదు. బెజ్జం దాటి బయటికి వచ్చిన పోగు చివర విచ్చుకొని దూదిలాగా ఉబ్బి ఉంది. ఆ ఉబ్బే దాన్ని వెనక్కి జారనివ్వదు. మూడు పోగులు ఎర్రవి. "ముడి లేదక్కా," అని వంటింటి వైపు తిరిగి అన్నాను, బహుశా కొంచెం గట్టిగానే. లోపలికి వచ్చి రిజిస్టరులో రాశాను: పరిశీలించడమైనది, ముడి లేదు. ఎవరూ ఒప్పుకోలేదు. ఎవరూ కాదనలేదు.

ఇక పోయిన సోమవారం పార్సిలు. కెమెరా, లెన్సు, కార్డు, ఒక కాగితం, ఒక ఫోటో. కాగితం మీద మూడు వాక్యాలు. పరికరంలో లోపము కనబడలేదు. ఫోకస్ సరిగా పనిచేయుచున్నది, జతచేసిన ప్రింటు చూడగలరు. పరీక్ష నిమిత్తం కార్డు ఖాళీ చేయబడినది. ప్రింటు పోస్టుకార్డంత ఉంది. నేను పంపిన అనుబంధం ఒకటి అది. ముందు ఎడమవైపు పిట్ట, తమలపాకు ఉమ్మిన మరకలాగా. సర్వీసు కేంద్రంలో ఎవరో ఎర్ర మార్కరుతో వెనుక ఒక గుండ్రం చుట్టి, పక్కన బాణం వేసి, ఫోకస్ ఇక్కడ ఉంది అని రాశారు. గుండ్రంలో మా అక్కయ్య ముఖం.

ఈ ఫోటోను నేను ఆగస్టు రెండున చూశాను. పిట్టను చూశాను. పిట్ట చెడిందని రాశాను. ఇప్పుడు చూస్తే పంపు చివర నీటిబొట్టు ఉంది, చీర మీద ప్రతి గడీ ఉంది, చెవి దగ్గర తెల్ల వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. ఎడమచేయి ఎత్తి, రెండు వేళ్ళ మధ్య పోగు పట్టుకొని పిట్టకు చాపుతోంది. కానీ చూస్తున్నది పిట్టను కాదు. సూటిగా లెన్సులోకి చూస్తూ, నన్ను ఏదో అనబోయే ముందు పెదవులు బిగబట్టి నవ్వినట్టు నవ్వుతోంది. కెమెరా ఆమె మీదే ఆగుతోందని ఆమెకు తెలుసు. చెప్పింది నేనే. ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందనుకునే మనిషి, ఆ సంగతి తెలిసీ, మూడో రోజు నుంచి అదే చీరతో వచ్చి అదే చోట కూర్చుంది. నేను దాన్ని ఆటంకంగా నమోదు చేశాను.

ప్రింటు పట్టుకొని దుకాణానికి వెళ్ళాను. ఎర్ర గుండ్రం తుడవవచ్చా అని అడిగాను. దుకాణందారు ప్రింటును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది మార్కరు సార్, పోదు. కంప్యూటర్ల ఏసి సాఫ్ జేపిస్త. కాకపోతే గీత చెంప మీదికెళ్ళి పోయింది సూడుండ్రి, ఆడ మాత్రం జర అందాజగ గియ్యాల్సొస్తది."

"అందాజుగా వద్దు."

"మల్ల అసలు ఫైలు గావాలె సార్. ఆల్ల దగ్గరుంటే ఉండాలె. ప్రింటు తీసిన్రంటే యాడనో ఎక్కించుకునే తీసుంటరు."

కార్డులోంచి తొలగించినవాటిని వెనక్కి తెచ్చే మార్గం ఉందా అని కూడా అడిగాను. వాళ్ళు ఖాళీ చేశాక పరీక్షల కోసం దాని మీదే మళ్ళీ మళ్ళీ ఫోటోలు తీసి ఉంటారని, ఆశ పెట్టుకోవద్దని అన్నాడు. పదకొండు ఉదయాలు అట్లా పోయాయి. వాటిని పోగొట్టింది నేనే, సంతకం కూడా నాదే. రిజిస్టరులో ఒకసారి రాసినదాన్ని కొట్టివేయడం మా శాఖలో నేరం, రిమార్కుల గడిలో మాత్రం రాయవచ్చు. నాలుగు రోజులుగా ఆ పన్నెండు గళ్ళు తెరిచిపెట్టుకొని కూర్చుంటున్నాను. రాంగ్ సైడా, రైట్ సైడా అన్నది తేలలేదు. పెన్ను మూత తీస్తాను, పెడతాను. పొద్దున్నే దండెం మీద పోగులు వేస్తున్నాను. పిట్ట రావడం లేదు. చేతికి వచ్చిన పని ఒక్కటే, ఉత్తరం. ఈ ఉదయం రిజిస్టర్డ్ పోస్టులో పంపిన దాని ప్రతి ఇది.

అయ్యా, నా ఫిర్యాదుకు మీరిచ్చిన జవాబు అందినది. పరికరంలో లోపము లేదన్న మీ నిర్ణయాన్ని అంగీకరిస్తూ ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నాను. అందలి రెండవ పేజీలో "వెనుకనున్న వ్యక్తి" అని ఉన్న చోట "మా అక్కయ్య" అని సవరించి చదువుకొనగలరు. ఆగస్టు రెండవ తేదీ ఉదయం 7 గంటల 10 నిమిషాలకు, సెకనులో ఎనిమిది వందలవ వంతు సేపు, మా పెరట్లో పంపు దగ్గర కాలం నిలిచి ఉన్నది. అది నా కార్డులో ఇప్పుడు లేదు. మీరు ప్రింటు తీసిన అసలు ఫైలు రూపంలో, ఎర్ర గుండ్రం లేకుండా, అది మీ కంప్యూటరులో ఇంకనూ ఉన్నదా లేదా అన్నది, ఉన్నచో ఎప్పటిలోగా పంపగలరన్నది, ఈ ఉత్తరం అందిన పదిహేను రోజులలోగా నాకు లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుచున్నాను.